కొమ్ము పెట్టిన స్ట్రోకు

టెక్కలిలో షాపుల బోర్డులు రాసే సొలొమోనుకు ఆ డిసెంబరులో ఒకటే పట్టుదల: బల్ల మీద కర్రతో బంతుల్ని కన్నాల్లోకి కొట్టే పూల్ ఆటలో బావ సైమన్‌ని ఓడించాలి. ఓడినవాడు క్రిస్మస్ తాత వేషం కట్టాలని పందెం. మాస్కు పెట్టుకుని డప్పుల ముందు వీధివీధీ ఎగరాలి. సొలొమోను నలభై దాటినవాడు, ఆదివారం గుడిలో కానుకల సంచి పట్టేవాడు. ఆ ఎగురుడు తలుచుకుంటేనే అతనికి అన్నం సహించడం లేదు.

ఫ్లెక్సీలొచ్చి బోర్డుల పని పలచబడ్డాక కాశీబుగ్గలో పూల్ పార్లరుకి ఒక బోర్డు రాయడానికి వెళ్లాడు. రాయడం అయిపోయినా అక్కడికి వెళ్లడం మానలేదు. భార్య దోర్కాస్‌కి మాత్రం బోర్డు పనేనని చెప్పేవాడు.

అతని ఇబ్బంది చేతిలో ఉంది. స్ట్రోకు కొట్టేటప్పుడు కర్ర తిన్నగా బయల్దేరి, చివర్లో చిన్న మెలిక తిరిగేది.

"నువ్వు బంతిని కొట్టట్లేదు మావా, కొమ్ము పెడతన్నావు," అన్నాడు పార్లరు యజమాని చిట్టిబాబు.

"ఇన్నాళ్ల అలవాటు. ఏటి సెయ్యమంతావు?"

"ఇంగిలీసు బోర్డులు రాసుకోవలసింది. ఐ, ఎల్ తిన్నగుంటాయి."

చిట్టిబాబు ఒక సాధన చెప్పాడు. ఖాళీ కూల్‌డ్రింకు సీసా పడుకోబెట్టి, మోచెయ్యి కదలకుండా, మూతికి తగలకుండా కర్ర లోపలికీ బయటికీ ఆడించాలి. సొలొమోను ఇంట్లో ట్రంకుపెట్టె మీద సీసా పెట్టి, సన్నటి వెదురుపుల్లతో మొదలుపెట్టాడు. గాజు టిక్కుమన్నప్పుడల్లా తనను తానే తిట్టుకునేవాడు.

బజారు నుంచి వచ్చిన దోర్కాస్ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏటి సేత్తన్నావు?"

"సెయ్యికి మంచిదంట," అన్నాడు.

మర్నాడు అతను లేనప్పుడు ఫోను మోగింది. ఆమె తీసింది.

"మావకి సెప్పండక్కా. స్ట్రోకు ఇంకా కుదరలేదు, కుడిపక్కకి లాగేత్తంది. మోసెయ్యి ఆగట్లేదు. సీసా మానొద్దనండి," అని చిట్టిబాబు పెట్టేశాడు.

దోర్కాస్ రిసీవరు పట్టుకునే కూలబడింది. ఆమె మేనమామకు స్ట్రోకు వచ్చే ఎడమచెయ్యి పడిపోయింది.

సాయంత్రానికి గుడి స్త్రీల సమాజం ఇంటికొచ్చింది. వాళ్లలో పెద్దామె కమలకుమారి సొలొమోను చేతికి నూనె రాసి, "ఈ కుడిచేతిని తిన్నగా చెయ్యి ప్రభువా," అని ప్రార్థించింది. సొలొమోను అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు. తర్వాత నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు. కానీ అప్పటికే ఇద్దరు ఏడుస్తున్నారు, ఒకామె కోడిగుడ్లు ఉడకబెట్టి తెచ్చింది.

దోర్కాస్ అతన్ని గడప దాటనివ్వలేదు. పందెం రోజున సైమనే వచ్చి గట్టెక్కించాడు. "డాక్టరుకి సూపించి తెత్తాను సెల్లీ."

"నువ్వున్నావు గాబట్టి సరిపోయింది అన్నయ్యా," అని ఆమె కళ్లు తుడుచుకుంది.

పార్లరులో ఆట చివరికొచ్చింది. ఆఖరిది నల్లబంతి, అది పడితే గెలుపే. తెల్లబంతి, నల్లబంతి, మూలనున్న కన్నం ఒకే గీతలో ఉన్నాయి. సొలొమోను వంగాడు. ఎదురుగా సీసా మూతి ఉన్నట్టే ఊహించుకున్నాడు. మోచెయ్యి కదల్లేదు. కర్ర మెలిక లేకుండా వెళ్లింది. నల్లబంతి కన్నంలో పడింది. దాని వెనకే, అంతే తిన్నగా, తెల్లబంతీ వెళ్లి పడింది.

"తెల్లది పడితే ఆట పోయినట్టే మావా," అన్నాడు చిట్టిబాబు, బాధగానే.

సైమన్ కన్నంలోకి తొంగిచూశాడు. "ఇదొక్కటీ కొంచెం కొమ్ము పెట్టాల్సింది బావా."

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం సొలొమోను దోర్కాస్‌కి చెప్పకుండా ఎర్రకోటు తొడుక్కుని, కుడిచేత్తో చాక్లెట్లు విసురుతూ ఎగిరాడు. కమలకుమారి గుమ్మం దగ్గర ఊపిరాడక మాస్కు పైకెత్తాడు.

ఆమె చూడ్డానికొచ్చిన జనంలోకి కేకేసింది. "దోర్కాసూ, ఇటు రాయే. నీ పెనిమిటి కుడిసెయ్యి సూడు, ఎలాగ ఊగతందో."

దోర్కాస్ చూసింది. తర్వాత అన్నవైపు చూసింది. సైమన్ డప్పు బిగిస్తున్నవాడిలా తల వంచుకున్నాడు.

"రేపు ఆరాధనలో దేవుడు బాగుసేసినాడని సాచ్చెం సెప్పాలి సొలొమోనూ," అంది కమలకుమారి. "ఏ డాక్టరు, ఏ వైద్యం, అన్నీ సెప్పాలి."

సొలొమోను మాస్కు కిందికి లాక్కుని, డప్పు కొట్టమని సైగ చేశాడు.