చంద్రుడి మీద దగ్గు

మామయ్యకు తప్పులంటే ప్రాణం. తాను చేసేవి కాదు, సినిమాల్లో ఎదుటివాళ్లు చేసేవి. ఎడమ చేతికున్న గడియారం క్షణంలో కుడి చేతికి మారిందంటే చాలు, ఆయనకు ఆ పూట భోజనం అక్కర్లేదు. పోనీ ఆ ముచ్చట పక్కవాడి చెవిలో చెప్పి ఊరుకునేవాడా అంటే అదీ లేదు, చివరి వరుస దాకా వినపడేలా ప్రకటించేవాడు. ఆయనది కళ్లద్దాల కొట్టు. పొద్దస్తమానం జనానికి కనపడనివి కనపడేలా చేసీ చేసీ ఆ జబ్బు అంటుకుందని అత్తయ్య సరిపెట్టుకుంది.

ఆయన వయసులో ఉన్నప్పుడు నాలుగు భాగాలుగా ఒక అంతరిక్ష సినిమా వచ్చింది. మొదటి భాగంలో వ్యోమనౌకను వేలాడదీసిన దారం తెర మీద స్పష్టంగా కనపడేదట. ఆ దారం కోసమే పద్నాలుగుసార్లు చూశానని మామయ్య గర్వంగా చెప్పుకునేవాడు. ఇన్నేళ్లకు దాన్నే కొత్త నటులతో మళ్లీ మొదటి నుంచి తీశారు. పత్రికలు ఏకిపారేశాయి, పాత అభిమానులు మొహాలు మాడ్చుకున్నారు. మామయ్య మాత్రం మొదటి ఆట చూసి వెలిగిపోతూ ఇంటికొచ్చాడు. ముప్పై ఏడు తప్పులు దొరికాయట. ఇంతకీ బాగుందా అని అత్తయ్య అడిగితే, అంతకంటే బాగుండడమంటే ఏమిటో తనకు తెలియదన్నాడు.

ముప్పై ఎనిమిదో తప్పు ఆయన మేనల్లుడిది.

మేనల్లుడు ఒక స్టూడియోలో సినిమాలకు చప్పుళ్లు చేసేవాడు. తెర మీద నౌక తలుపు మూసుకుంటే ఇక్కడ ఫ్రిజ్ తలుపు మూసేవాడు, తెర మీద ఎవరైనా నడిస్తే ఇక్కడ తాను నడిచేవాడు. ఈ సినిమాలో హీరో చంద్రుడి మీద ఒంటరిగా నడిచే ఘట్టం ఉంది. దాని కోసం తొట్టిలో ఇసుక నింపి, బరువైన బూట్లు తొడుక్కుని రెండు రోజులు నడిచాడు. కరకర ఎంత కమ్మగా వచ్చిందంటే దర్శకుడు మురిసిపోయి వెన్ను తట్టాడు. గాలి లేని చోట చప్పుడు వినపడదన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. సైన్సు క్లాసులో పోయిన నిద్రకు ఫలితం ఇన్నాళ్లకు దక్కిందని మేనల్లుడు తనను తానే తిట్టుకున్నాడు.

సినిమా విడుదలయ్యాక స్టూడియోలో అతను ఎదురుపడితే చాలు, తోటివాళ్లు పెదవుల మీద వేలుపెట్టి మెల్లగా నడవమని సైగ చేసేవాళ్లు. నడవాలంటేనే సిగ్గేసి కొన్నాళ్లు గోడవార జరిగాడు. ఈలోగా అక్క మొగుడు తన సిమెంటు కొట్టులో గుమాస్తా పని ఖాళీ ఉందని, ఆదివారంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమని కబురు పెట్టాడు. నచ్చి ఎంచుకున్న పని వదలాలంటే ప్రాణం ఉసూరుమంది. అయినా మేనల్లుడు దాదాపు ఒప్పేసుకున్నాడు. సిమెంటు బస్తాలు నడవవు గదా అనుకున్నాడు.

అసలు భయం మామయ్య గురించి. ఆయన రోజూ మ్యాట్నీకి వెళ్తున్నాడు, రోజూ ముప్పై ఏడే అంటున్నాడు. అంత పదునైన చెవులున్న మనిషికి ఆ కరకర వినపడకపోవడమేమిటి? చుట్టాలందరూ చేరిన రోజున బయటపెట్టడానికి దాచుకున్నాడని మేనల్లుడు తేల్చుకున్నాడు.

శనివారం మామయ్య కళ్లద్దాలు మరచిపోయి సినిమాకు వెళ్లిపోయాడు. కళ్లద్దాల కొట్టు ఆసామి కళ్లద్దాల్లేకుండా ఊరేగుతుంటే పరువు పోతుందని అత్తయ్య వాటిని మేనల్లుడి చేతికిచ్చి పంపింది. అతను హాల్లోకి వెళ్లేసరికి ఆట సగంలో ఉంది. ఆట వదిలాక ఇద్దామని వెనక వరుసలో కూర్చున్నాడు. తెర మీద ఏముందో మసకగా కూడా కనపడని మామయ్య, ఇప్పుడు బల్ల మీది సీసా మాయమవుతుంది చూడండని ప్రకటిస్తున్నాడు. నిజంగానే మాయమైంది. జనం పడీ పడీ నవ్వారు.

తర్వాత చంద్రుడొచ్చాడు. వెనక వరుసలో మేనల్లుడు సీట్లోకి జారిపోయాడు. హీరో మొదటి అడుగు ఎత్తాడో లేదో, మామయ్యకు దగ్గు ముంచుకొచ్చింది. మామూలు దగ్గు కాదు, ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి నీళ్లసీసా అందించారు. హీరో నడిచినంతసేపూ దగ్గాడు. కరకరలో ఒక్క కర కూడా ఎవరి చెవినా పడలేదు.

మేనల్లుడు కంగారుపడి డాక్టరు ఎక్కడున్నాడో కనుక్కుందామని బయటికి పరుగెత్తాడు. మామయ్యకు దగ్గు ఆగట్లేదని చెబితే తలుపు దగ్గర టికెట్లు చించే ఆయన తాపీగా అన్నాడు: "మీ మామయ్యా బాబూ? ఏదైనా మందిప్పించండి. పాపం, రోజూ చంద్రుడి మీదికి రాగానే దగ్గొస్తుంది. హీరో రాకెట్ ఎక్కగానే తగ్గిపోతుంది."

మేనల్లుడు డాక్టరు సంగతి వదిలేసి ఆట అయ్యేదాకా తలుపు దగ్గరే కాచుకున్నాడు. ఆట వదిలాక మామయ్యను మెట్ల మీద పట్టుకుని అడిగితే, ఆయన మొదట ఏసీ పడలేదన్నాడు, తర్వాత దుమ్మన్నాడు. చివరికి దొరికిపోయానని తెలిసి తల దించుకున్నాడు.

"మొదటి ఆటలో నీ నడకలో నాకసలు తప్పే కనపడలేదురా. ఆ నడుస్తున్నది మా మేనల్లుడని పక్కాయనకు గొప్పగా చెప్పాను. ఆయన నవ్వాడు. అప్పుడు వెలిగింది నాకు."

"మరి లెక్కలో ఎందుకు వేయలేదు?"

"తప్పులు చూసి సంతోషపడతాను గాని, తప్పు చేసినవాడు పని మానేస్తే నాకేం సంతోషం? సిమెంటు కొట్టుకు పోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఊరంతటికీ దగ్గలేను గదా. నా చేతనైంది ఈ ఒక్క హాలు."

మేనల్లుడికి సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. పత్రికలన్నీ చదివినా, తనవైపు ఒక మనిషి రోజుకో టికెట్ కొనుక్కుని గొంతు చించుకుంటున్నాడని కనిపెట్టలేకపోయినందుకు తనను మించిన మొద్దు ఉండడనుకున్నాడు.

ఆదివారం పొద్దున బావకు రానని చెప్పేశాడు. మధ్యాహ్నం మామయ్యతో కలిసి మ్యాట్నీకి వెళ్లాడు. చంద్రుడు రాగానే మామయ్య అలవాటుగా దగ్గడానికి ఊపిరి బిగపట్టాడు. మేనల్లుడు ఆయన చెయ్యి పట్టుకుని వద్దన్నాడు. కరకర హాలంతా మోగింది. గాలి లేని చోట చప్పుడేమిటని మేనల్లుడు చివరి వరుస దాకా వినపడేలా ప్రకటించి, అందరికంటే ముందు తానే నవ్వాడు.