అక్క ఎన్నిక, నా బేరింగులు

ఎన్నికల్లో ఓడిపోయిన వాళ్లు సవాలక్ష కారణాలు చెబుతారు. ఎదుటివాడు మందు పోయించాడంటారు, సొంతవాళ్లే వెన్నుపోటు పొడిచారంటారు. మా అక్క అనసూయ సర్పంచ్ ఎన్నికలో ఓడిపోవడానికి కారణం మాత్రం అరచేతిలో పట్టే రెండు ఇనుప బేరింగులు. వాటిని కారుకు ఎక్కించిన మహానుభావుడు ఆమె సొంత తమ్ముడు. అంటే నేనే. పేరు నర్సింలు, నారాయణఖేడ్‌లో సెల్‌ఫోన్ల షాపు. నవ్వొస్తే నవ్వండి. మా అక్క ఇంకా నవ్వలేదు.

మా ఊరు ఖేడ్ నుంచి సిర్గాపూర్ దిక్కు పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. ఒకప్పుడు బస్సు వచ్చేది. తర్వాత ఆగిపోయింది. కాలేజీకి పోయే ఆడపిల్లలు ఆటోల వెనక వేలాడుతూ ఖేడ్‌కు వచ్చేవాళ్లు. ఆ బస్సు మళ్లీ తెప్పిస్తానని అక్క పోటీకి నిలబడింది. ఇంటింటికీ తిరిగి తిరిగి గొంతు పోగొట్టుకుంది. తమ్ముడిగా నా వంతు సాయం నా పాత కారు.

ఆ కారు కదిలిందంటే ముందు చక్రాల దగ్గర ఇసుర్రాయి తిప్పుతున్నట్టు ఒకటే మోత. అక్క మైకులో ఏం చెప్పినా జనానికి వినబడేది కారే.

"తమ్మీ, నీ కారు నాకంటె ఎక్కువ మాట్లాడుతున్నది. మహమూద్ భాయ్‌కి చూపియ్యరాదు?" అంది.

చూపించాను. మహమూద్ భాయ్‌ది ఖేడ్‌లో పాత షెడ్డు. చక్రం గాల్లోకి లేపి, పైనా కిందా పట్టి ఊపి, "బేరింగులు పోయినయ్, రెండు దిక్కుల. రేపు బండి తెచ్చి ఇయ్యి. ప్రెస్ మిషన్ మీద ఎక్కియ్యాలె" అన్నాడు.

అక్కడితో సరేనని వస్తే ఈ కథే లేదు. కానీ షెడ్డులో ఓ మూల నిలబెట్టిన జీపు నా కంట్లో పడింది. అది మల్లేశంది. మా అక్క మీద నిలబడ్డ శంకరమ్మ మొగుడు.

"గీ జీపు ఈడెందుకున్నది భాయ్?"

"బ్రేకులు చూడుమని ఇచ్చిపోయిండు."

"అయితె నువ్వు వాళ్ల పార్టీయా?"

"అరె, నాకు మీ ఊర్ల ఓటే లేదు. నాకు అన్ని బండ్లు ఒక్కటే."

ఇంత మెత్తగా మాట్లాడుతున్నాడంటే లోపల ఏదో కుట్ర ఉందని నాకు ఠక్కున అర్థమైపోయింది. నా బేరింగుల్లో పిడికెడు ఇసుక పోస్తాడు, అక్క కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది, శంకరమ్మ గెలుస్తుంది. ఇదీ నా లెక్క. చూడండి, జరగబోయేది ఎంత బాగా ఊహించానో! చేసే మనిషి విషయంలోనే చిన్న పొరపాటు.

కొత్త బేరింగులు నేనే కొని, ఇంటి వాకిట్లో పని మొదలుపెట్టాను. ఫోన్లో ఒక వీడియో దొరికింది. అందులోని ఆయన ఏ దేశం వాడో, ఏ భాషో తెలియదు. మధ్యమధ్య వేలు చూపించి గట్టిగా ఏదో హెచ్చరించేవాడు. బాగా చెప్తున్నాడని తలూపాను. ఆయన దగ్గర ప్రెస్ మిషన్ ఉంది. నా దగ్గర సుత్తె ఉంది. కొట్టాను. పసిపిల్లను ఊయలలో పడుకోబెట్టినట్టు మెల్లగా ఎక్కించాల్సిన బేరింగును, మేకును దిగ్గొట్టినట్టు దిగ్గొట్టాను.

ఇక చక్రం మధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటుంది. మొత్తాన్ని పట్టి ఉంచేది అదే. దాన్ని బిగించాలంటే పానాకు పొడుగాటి పైపు తొడిగి, మనిషి బరువంతా వేయాలట. నేను ఉత్త చేత్తో, ఇంక తిరగనంత వరకు బిగించాను. తిరగకపోవడం నట్టు గట్టితనమా, నా చేతి మెత్తదనమా అన్న ప్రశ్న రాలేదు.

కరపత్రాల కోసం వచ్చిన అక్క ఆ నూనె చేతుల్ని చూసి జడుసుకుంది.

"నువ్వు చేసినవా? మంచిగ బిగించినవా తమ్మీ? ఓటింగు నాడు చిన్నమ్మోళ్లను గీ కార్లనే తేవాలె."

"నువ్వు పరేషాన్ కాకు అక్కా. సర్పంచ్ కుర్చీ ఊగుతదేమో గానీ గీ చక్రం ఊగది."

ఖేడ్ చుట్టూ ఒక రౌండు కొట్టొచ్చాం. చప్పుడు లేదు. కొత్త కోడలంత నెమ్మది. నా ఛాతీ ఉబ్బింది. ఇల్లు అలకగానే పండుగ కాదంటారు పెద్దలు. చక్రం ఎక్కించగానే ప్రయాణం కాదని కూడా చెప్పి ఉంటే బాగుండేది.

పోలింగు రోజు. చిన్నాయన, చిన్నమ్మ, ఇద్దరు కొడుకులు, ఒక కోడలు హైదరాబాద్‌లో బిల్డింగుల పనికి పోయి బతుకుతున్నారు. కూలి వదులుకుని, అక్క కోసం బస్సెక్కి ఖేడ్‌లో దిగారు. వాళ్లను ఊరికి చేర్చే పని నాది. నా ఓటు కూడా ఊళ్లోనే. వీళ్లను దింపాక తీరిగ్గా వేద్దామని దాచి పెట్టుకున్నాను.

ఖేడ్ దాటామో లేదో పాత మోత తిరిగొచ్చింది. ఈసారి బంధుమిత్ర సపరివారంగా వచ్చింది.

"కొడుకా, ఏందది?" అంది చిన్నమ్మ.

"రోడ్డు మంచిగ లేదు చిన్నమ్మా."

"రోడ్డు మంచిగనే ఉన్నది గదరా!"

మాడు వాసన వచ్చింది. స్టీరింగు వణికింది. ఎడమ చక్రం తాగినవాడిలా ఊగి, ఒక పక్కకు వాలి, అక్కడే కూలబడింది. దిగి చూశాను. నా చేతికి తిరగనని భీష్మించుకున్న నట్టు ఇప్పుడు వేలితో తిరుగుతోంది. ఆ వేలు కూడా కాలింది.

"పది నిమిషాలు చిన్నాయనా. దుకాణపోడు బేరింగు ఓటిది ఇచ్చిండు" అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

"ఒంటి గంటకు ఓట్లేసే బడి గేటు బందు చేస్తరట కొడుకా. నీ పది నిమిషాలు నాకెర్కనే" అన్నాడు చిన్నాయన.

అప్పుడు వెనక నుంచి జీపు వచ్చి ఆగింది. మల్లేశం. తొంగి చూశాడు.

"ఏంది నర్సింలూ, ఆగిపోయినవ్? పెద్దమనుషులున్నరు, ఎక్కుండ్రి. బడి కాడ దింపుత. ఓటు ఎవలకన్న ఏస్కోండ్రి."

చిన్నమ్మ అప్పటికే ఒక కాలు పైకెత్తింది. మోకాళ్ల నొప్పి మనిషి. నేను అడ్డం నిలబడ్డాను.

"ఆగు చిన్నమ్మా! మా అక్క ఓట్లు మీ జీపుల రావు మల్లేశం. మాకు ఇజ్జత్ ఉన్నది."

"అరె, ఎక్కుదాం తియ్యి. జీపు వానిది గానీ ఓటు మనదే గద" అన్నాడు చిన్నాయన.

"వద్దంటె వద్దు!"

మల్లేశం నా ముఖం చూశాడు, వాలిపోయిన చక్రం చూశాడు. "నీ ఇష్టం" అని నవ్వుతూ పోయాడు.

ఆటోల కోసం ఫోన్లు చేశాను. అన్నీ ఓటర్ల పని మీదే ఉన్నాయి. ఇక నడక. చిన్నమ్మను కొడుకులు చెరో రెక్క పట్టి నడిపించారు. నేను ముందు నడుస్తూ "అయిపాయె, అగో బడి" అని చెబుతూనే ఉన్నాను. మేం చేరేసరికి బడి గేటు మూసి ఉంది. లోపల లైన్లో నిలబడ్డవాళ్లు మమ్మల్ని చూస్తున్నారు. పోలీసాయన తల అడ్డంగా ఊపాడు. చిన్నాయన గేటు చువ్వలు పట్టుకుని, "హైదరాబాద్ నుంచి అచ్చినం సారూ" అన్నాడు. ఆ ఒక్క మాటే రెండుసార్లు అన్నాడు.

మధ్యాహ్నం లెక్కపెట్టారు. అక్క ఐదు ఓట్లతో ఓడిపోయింది.

కారులో ఎంతమందిమో మీరే లెక్కేసుకోండి. నన్ను మరవకండి.

డప్పులు మోగాయి. శంకరమ్మ మెడ నిండా దండలు. మల్లేశం అందులో ఒకటి తీసి, జనంలోంచి సూటిగా నా దగ్గరికి వచ్చి నా మెడలో వేశాడు. "మా కోసం ఇంత కష్టం మావోళ్లు గూడ చెయ్యలే" అన్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. నేను ఆ దండ తీయాలని కూడా మరిచిపోయి అట్లాగే అక్క ఇంటికి పోయాను.

అక్క గడప మీద కూర్చుని ఉంది. గొంతు లేదు, గుసగుసలా అడిగింది.

"మల్లేశం ఎక్కుమన్నడట. ఎందుకు ఎక్కనియ్యలే?"

"ఇజ్జత్ అక్కా..."

"నేను బస్సు కోసం నిలబడ్డ తమ్మీ. నీ ఇజ్జత్ కోసం కాదు."

అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

బస్సు ఇప్పటికీ రాలేదు. పొద్దున షాపు షట్టరు ఎత్తేసరికి మా ఊరి ఆడపిల్లలు ఆటో వెనక వేలాడుతూ దిగుతారు. "నర్సింలు మామా, మంచిగున్నవా?" అని పలకరిస్తారు. నేను పగిలిన ఫోన్లలో తల దూరుస్తాను.

కాబట్టి, పెద్దలారా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ పానా పట్టను. ఎవడు ఎక్కమన్నా, వాడు నా ఏడు తరాల శత్రువైనా, వాడి బండి ఎక్కుతాను. అన్నిటికంటే ముందు, తెల్లారి గేటు తెరవకముందే పోయి నా ఓటు నేను వేస్తాను. ఇక మిగిలింది ఒకటే, మా అక్క మళ్లీ పోటీకి నిలబడాలి. అడిగితే తలుపేసుకుంది.