పులస లెక్కతో సాల్మన్ వేట

హ్యూస్టన్‌లో ఉద్యోగం ఖాయమైందని ఫోను వచ్చిన సాయంత్రం, సంతోషించాల్సిన మనిషి కిటికీ దగ్గర నిలబడి, "మణెమ్మ ఆంటీ చేత ఒక్కసారైనా బాగుంది అనిపించుకోకుండానే వెళ్లిపోతామా?" అన్నారు మా ఆయన ప్రభాకర్. ఎనభైల మొదట్లో మాట ఇది. అప్పుడు మిచిగన్‌లో, నోవైలో ఉండేవాళ్లం. మణెమ్మ ఆంటీది నరసాపురం. మా తెలుగు చర్చిలో ప్రార్థన తర్వాత జరిగే భోజనాలకు ఆవిడే పెద్ద. వరుసగా రెండేళ్లు మా ఆయన పట్టిన సాల్మన్ చేపతో నేను పులుసు పెట్టి తీసుకెళ్లాను. రెండుసార్లూ ముక్క గరిటెకు అందకుండా చితికిపోయింది. ఆవిడ దానికి ముద్ద పులుసు అని పేరు పెట్టారు. రాజమండ్రిలో పుట్టి పెరిగిన మాకు ఇది మామూలు అవమానమా? ఆదివారం మాకు వీడ్కోలు భోజనం. శనివారం ఒక్కటే మిగిలింది.

ఈసారి వేటకు నేనూ వస్తానన్నాను. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. 96 హైవే మీద లాన్సింగ్, అక్కణ్ణుంచి 27 మీద ఉత్తరానికి క్లేర్, ఆ తర్వాత పడమరకు తిరిగి బాల్డ్‌విన్ మీదుగా మనిస్టీ నది. కాఫీకి ఆగడంతో కలిపి నాలుగున్నర గంటలు పట్టింది. సెప్టెంబరు చివరి వారం కావడంతో దారి పొడుగునా మేపుల్ ఆకులు ఎర్రబారుతున్నాయి. మా ఆయన మాత్రం వాటిని చూడలేదు. ఆ నెలంతా అపార్ట్‌మెంట్ ముందు గడ్డిలో నిలబడి గాలం విసరడం ప్రాక్టీస్ చేసిన మనిషి, డ్రైవ్ చేస్తూ కూడా కుడి మణికట్టు ఆడిస్తూనే ఉన్నారు. ఈ ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఉండదు. కొక్కేనికి ఈకలూ రంగుదారాలూ చుట్టి, దాన్ని బరువైన దారంతో నది మీదికి విసిరి, ప్రవాహానికి అడ్డంగా తేలనివ్వాలి. ఆయన అలా విసురుతుంటే పక్కింటావిడ దోమలు తోలుతున్నారనుకుంది.

ఎప్పటిలాగే నది పైకి, డ్యామ్ దగ్గరికి పోనిచ్చారు. "ఇంత దూరం ఎందుకండీ?" అన్నాను. "పిచ్చిదానా, పులస ఎక్కడ రుచి? సముద్రంలో ఉన్నప్పుడు విలస, గోదాట్లో ఎదురీది పైకొచ్చేకొద్దీ పులస. ధవళేశ్వరం దాకా వచ్చినదానికే కదా రేటు! ఇదీ అంతే," అన్నారు. నాకూ సబబుగానే తోచింది. మనకు తెలిసిన చేప అదొక్కటే మరి.

డ్యామ్ కింద మనుషులు బారులు తీరి ఉన్నారు. పక్కనే చేపలు కోసుకునే బల్ల ఉంటే అక్కడ నిలబడ్డాను. వంటమనిషి కళ్లు ఊరుకోవుగా! అక్కడ పట్టిన చేపలన్నీ నల్లబారి ఉన్నాయి, కోస్తే మాంసం తెల్లగా, మెత్తగా ఉంది. మా ముద్ద పులుసు రంగే. ఇంతలో ఒక పెద్దాయన డిక్కీలోంచి తళతళలాడే చేపను తీసి బల్ల మీద పెట్టాడు. కోస్తే లోపల బొప్పాయి రంగు.

"ఇదీ అదీ ఒకటే చేపా?" అని అడిగాను.

"ఒకటే. ఇది నిన్న కింద, ఈ నది వెళ్లి కలిసే సరస్సు దగ్గర పట్టాను. నదిలోకి వచ్చాక ఇవి తిండి మానేస్తాయి. ఒంట్లో ఉన్న కొవ్వంతా ఈతకే ఖర్చు," అన్నాడాయన.

నేను పరుగెత్తుకెళ్లి చెబితే మా ఆయన మోకాలి లోతు నీళ్లలో నోరు తెరుచుకుని నిలబడిపోయారు. తర్వాత ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. రెండేళ్లు, కోరి కోరి నీరసించిన చేపల కోసం ఈయన ఇంత దూరం వచ్చారన్నమాట!

కారెక్కి అరగంటకు పైగా కిందికి డ్రైవ్ చేశాం. అక్కడ నది గోదారంత కాకపోయినా, చూడగానే ప్రాణం లేచొచ్చేంత వెడల్పుగా ఉంది. ఇసుక మేట మీద జనం పల్చగా ఉన్నారు. మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. చద్ది పులిహోర తిన్నాం. రెండింటికి దారం బిగుసుకుంది. చిన్నప్పటి వెదురు గాలం అలవాటు కొద్దీ ఆయన ఒక్క గుంజు గుంజారు. పుటుక్కున తెగింది. ఆయన మొహం చూడలేకపోయాను.

సాయంత్రం ఎండ పసుపురంగుకు తిరిగాక మళ్లీ బిగుసుకుంది. "గుంజకండి! బాబ్బాబు, గుంజకండి!" అని గట్టు మీంచి అరిచాను. ఈసారి చెయ్యి కదపలేదు. చేప తనే తిరిగి, తనే బిగించుకుని, నది మధ్యకు లాక్కుపోయింది. ఆయన దాని వెంట ఇసుకలో పడుతూ లేస్తూ, ఆయన వెంట నేను చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని. వలలోకి వచ్చేసరికి ఇద్దరికీ ఊపిరి ఆడలేదు. ఇంకో భయం మిగిలింది. కొక్కెం నోట్లో కాక ఒంటికి గుచ్చుకుంటే చేపను వదిలేయాలి, అక్కడి రూలు. నేను వంగి చూశాను. "నోట్లోనేనండీ!" అన్నాను. ఆయన ఇసుకలో కూలబడి చిన్నపిల్లాడిలా నవ్వారు. నాకైతే ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చీ రాగానే పులుసు పెట్టాను. మర్నాడు చర్చిలో మణెమ్మ ఆంటీ ఒక ముక్క వేసుకున్నారు. ఇంకో ముక్క వేసుకున్నారు. వేళ్లు నాక్కుని, "ప్రభాకర్ బాబూ, ఆ హ్యూస్టన్ జాబ్ కేన్సిల్ చేసుకోడానికి అవదా ఏంటి?" అన్నారు.

ఇన్నేళ్ల తర్వాత తలుచుకున్నా ఆ శనివారం నాకు నవ్వూ సంతోషమూ కలిపే తెస్తుంది. కొత్త నదికి వెళ్లి పాత నది లెక్కలు వేశాం. అయినా ఆ పాత నది మీద ఇష్టం లేకపోతే అసలు వెళ్లేవాళ్లమే కాదు. మీరు వెళితే చేపను సరస్సు దగ్గరే పట్టండి. పులుసు తీసుకెళ్లడానికి మాత్రం మూత బిగుతుగా ఉన్న గిన్నె చూసుకోండి. మాది వదులు, చర్చికి వెళ్లేటప్పుడు మలుపులో సీటు మీద ఒలికింది. ఎంత కడిగినా వాసన పోలేదు. ఆ కారులోనే హ్యూస్టన్ వెళ్లాం, ఆ వాసన ఎక్కడ పోతుందోనని దారి పొడుగునా అద్దాలు దించలేదు.