కెప్టెన్ బండి తాళం

ఆ రోజుల్లో మా కార్ఖానా బస్తీలో ఆదివారం క్రికెట్ ఆడనివాడికి పెళ్లి సంబంధాలు కూడా వచ్చేవి కావు. (నేను ఆడాను, అయినా రాలేదు. అది వేరే కథ.) కొత్త ఉద్యోగం, కొత్త బ్యాటు ఉండేవి. పరుగులే ఉండేవి కావు. కాబట్టి రెండేళ్లుగా మా క్లబ్బులో నేను పన్నెండో మనిషిని. మ్యాచ్ అయ్యాక గోడ నీడన కూర్చుని బీర్లు తెరవడం మావాళ్ల ఆచారం. ఒకసారి మా వికెట్ కీపర్ అలాగే తాగి బండెక్కి, డివైడర్‌ను గుద్ది కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో ఆ కట్టు చూసొచ్చిన మా కెప్టెన్ (అందరికీ పెద్దన్న) ఒక రూల్ పెట్టాడు: టాస్‌కు ముందే బండి తాళాలన్నీ ఒకరికి అప్పజెప్పాలి, తాగినవాడికి ఆ పూట తాళం తిరిగి ఇవ్వకూడదు. ఆ ఒక్కరూ ఆడనివాడూ తాగనివాడూ అయ్యుండాలి. క్లబ్బు మొత్తంలో ఈ రెండు లోపాలూ ఉన్నది నాకే.

ఒక ఆదివారం రెజిమెంటల్ బజార్ జట్టును ఓడించాం. (వాళ్లు పద్నాలుగు మందితో ఆడారని ఇన్నాళ్లూ చెప్పుకొచ్చాను. పదకొండు మందే.) పెద్దన్న మూడో బీరులో ఉండగా మల్కాజ్‌గిరిలోని ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. సాయంత్రం రావాల్సిన పెళ్లివారు మధ్యాహ్నమే దిగారట.

"తాళం ఇయ్యిరా, జల్దీ పోవాలె. చెల్లెను చూడనీకి వచ్చి కూసున్నరంట."

"మూడు బీర్లయినయి అన్నా. ఇయ్య."

"రూల్ పెట్టింది నేనే కదరా? గిప్పుడే తీసేస్తున్న, పో."

"తీసెయ్యాలంటే మీటింగ్ పెట్టాలె అన్నా."

అందరూ నవ్వారు, పెద్దన్న తప్ప. "వచ్చే వారం నిన్ను ఓపెనింగ్ దింపుదామనుకున్న. తాళం ఇయ్యకుంటే జిందగీ మొత్తం స్కోరు రాసుకుంట కూసుంటవ్, చూస్కో!"

నా చెయ్యి జేబులోకి వెళ్లింది. నిజం ఒప్పుకుంటున్నాను, వెళ్లింది. ఇంతలో నా వైపు రాబోయిన పెద్దన్న కిట్ బ్యాగు తట్టుకుని మోకాళ్ల మీద పడ్డాడు. బ్యాగునే దాటలేనివాడు దారిలోని ప్యాట్నీ చౌరస్తా దాకా ఏం వెళ్తాడు? కిట్‌లోంచి గార్డు తీశాను (బంతి తగలకూడని చోట తగలకుండా బ్యాటర్లు ప్యాంటు లోపల పెట్టుకునేది), అందులో తాళం వేసి, పెట్టుకోవాల్సిన చోటే పెట్టుకున్నాను.

"దమ్ముంటే తీస్కో అన్నా."

"థూ, గలీజ్‌గాడా!"

ఆటో మాట్లాడి పెద్దన్నను ఎక్కించి, నేనూ పక్కన కూర్చున్నాను. గతుకు గతుకుకూ ఆ తాళం తన ఉనికిని చాటుకుంది. పెద్దన్న దారి పొడవునా సోంపు నములుతూ నన్ను తిడుతూనే ఉన్నాడు. ఇంట్లోకి అడుగుపెట్టగానే పెళ్లికొడుకు తండ్రి నన్ను ఎగాదిగా చూసి, "ఈ పిల్లగాడు గట్ల నడుస్తుండేంది?" అన్నాడు. పెద్దన్న తడుముకోకుండా, "ఫీల్డింగ్‌ల దెబ్బ తగిలిందండీ. మంచి ప్లేయర్," అన్నాడు. నన్ను ప్లేయర్ అన్నది ఆ ఒక్కసారే.

పెద్దన్న మాట తప్పే మనిషి కాదు. మరుసటి ఆదివారం నాకు స్కోరు పుస్తకమే ఇచ్చాడు. అందరికంటే ముందు తన తాళం దాని మీద పెట్టి టాస్‌కు వెళ్లాడు.

నేను ఓపెనింగ్ ఎప్పటికీ దిగలేదు. ఇప్పుడు క్లబ్బులో కొత్తగా చేరిన కుర్రాళ్లు నా ఆట గురించి అడిగితే మూడు సెంచరీల కథ చెబుతాను, నోళ్లు తెరుచుకుని వింటారు. తాళం కథ మాత్రం చెప్పను. అంత మొండివాణ్ని నేనేనంటే నాకే నమ్మబుద్ధి కాక నవ్వొస్తుంది, ఇక వాళ్లేం నమ్ముతారు?