రంగు రాని పాకం

మంగ తండ్రి కోటయ్య చోడవరం చుట్టుపక్కల బెల్లం పెనాల దగ్గర పాకం చూసే మనిషి. పెనం ఎప్పుడు దించాలో ఆయనే చెప్పాలి. అప్పటిదాకా చెరకు ఆసామి కూడా నోరెత్తడు. మంగ పదేళ్ళప్పటి నుంచీ ఆ పొయ్యిలో పిప్పి ఎగదోసింది. పాకం ముదిరే వేళకు మాత్రం కోటయ్య కూతుర్ని అవతలికి పొమ్మనేవాడు. అందుకే ఆమెకు తెలిసిందంతా దూరం నుంచి తెలిసిందే: నురగ చప్పుడు, వాసన, చివర్లో వచ్చే ఎర్రటి రంగు.

పెనం ముందు ఆమె మొదటిసారి నిలబడింది నలభై ఆరేళ్ళ వయసులో, 2021 ఫిబ్రవరిలో, జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో ఇంటి ఓనరు కారు షెడ్డు వెనక.

ఆ ఓనరు ఎబర్లే. ఎనభై దాటిన ఒంటరి మనిషి, కింది వాటాలో ఉంటాడు. ఊరి బయట వాలులో ఆయనకు నాలుగు మేపుల్ చెట్లున్నాయి. ఏటా చలికాలం చివర వాటి మానుకు సన్నటి కన్నాలు పెట్టి, కారిన తీపి రసం పట్టి, పాకం కాచి, పైవాటాలో ఉండే మంగ వాళ్ళకు ఒక సీసా ఇచ్చేవాడు. చెట్టు నుంచి కారేది దాదాపు నీళ్ళే. రోజంతా కాచే ఓపిక తగ్గాక ఆయన ఒక వడపోత యంత్రం కొన్నాడు. అది ముందే నీరు తీసేసి నూట యాభై లీటర్లను ముప్ఫై చేస్తుంది. ఆ ఏడు వడపోత ముగిసిన రోజే ఆయనకు ఆయాసం వచ్చింది. అంబులెన్సు ఎక్కుతూ, బాల్కనీలో ఉన్న మంగకు షెడ్డులో వడపోసిన రసం ఉన్న రెండు క్యాన్ల వైపు చెయ్యి చూపించాడు.

మర్నాడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు, కోవిడ్ అని. మంచు పోయి ఒక్కసారిగా ఎండలు వచ్చాయి. రెండు రోజుల్లో రసం పులుస్తుంది. చెట్లు మొగ్గ తొడిగితే ఇక ఈ ఏటికి లేనట్టే.

"వచ్చే ఏడు ఆ వాలు ఎక్కగలనో లేదో, ఫ్రౌ మంగా. కాచి పెట్టండి. నీళ్ళు మరిగే వేడికి నాలుగు డిగ్రీలు ఎక్కువ రాగానే దించేయండి. రంగు చూడకండి."

మంగ వంట చేసే కీటా, అంటే చిన్నపిల్లల బడి, లాక్‌డౌన్‌లో మూతపడింది. భర్త గంగాధరరావు తలుపేసుకుని మీటింగుల్లో ఉన్నాడు. ఆన్‌లైన్ క్లాసు కాగానే కూతురు ఈషా థర్మామీటర్ పట్టుకుని వచ్చింది.

"ఊరు ఎత్తులో ఉంది కదా, నీళ్ళు ఇక్కడ తొంభై ఎనిమిదికే మరిగాయమ్మా. అంటే నూట రెండు."

మంగ ఒక క్యాను రసం పెనంలో పోసి కట్టెలు ఎగదోసింది. గంటన్నరకే రసం వేలెడు లోతుకు దిగింది.

"అమ్మా, నూట రెండు. ఫెర్టిష్, అయిపోయింది!"

"ఏటే ఫెర్టిష్? రంగేదే? గడ్డి నానేసిన నీళ్ళలాగున్నాది."

"ఎబర్లే తాత రంగు చూడొద్దన్నారు కదా."

"ఆయన ఫ్యాక్టరీలో కారు బోల్టులు బిగించీవోడు. నేను పాకం మనిషి కూతుర్ని. ఇలాటి నీళ్ళపాకం దించితే మా నాన్న నన్నే పెనంలో ముంచీసీవోడు."

రంగు వచ్చింది. వాసన కూడా వచ్చింది, అచ్చం చిన్నప్పటి వాసన. అప్పటికి థర్మామీటర్ నూట పన్నెండు చూపిస్తోంది. సీసాల్లో పోస్తుండగానే పాకం చిక్కబడింది. పొద్దున్నకు గోధుమరంగు పలుకుగా గట్టిపడింది. సీసా తిరగేస్తే ఒక్క చుక్క జారలేదు.

సగం పోయింది. ఈషా థర్మామీటర్ కడిగి తుడిచి రెండో క్యాను పక్కన పెట్టింది. ఏమైనా అంటే బాగుండునని మంగకు అనిపించింది.

రెండో క్యాను కాచేటప్పుడు ఆమె పెనానికి వీపు పెట్టి నిలబడింది.

"నువ్వే సెప్పు. నేను సూడను."

ఈషా చెప్పగానే దించింది. పల్చటి గంధం రంగు. మూడు సీసాలైంది. ఒకదాన్ని సంచిలో పెట్టి, ఎబర్లే పేరు, వార్డు నంబరు రాసి, ఆసుపత్రి గేటు దగ్గర ఇచ్చి వచ్చారు. లోపలికి ఎవరినీ పోనివ్వడం లేదు.

సాయంత్రం వీడియోలో ఆయన సీసాను కిటికీ వెలుగుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఇదే రంగు, ఫ్రౌ మంగా. ఇంతకన్నా బాగా నేను కాచలేను."

"రుచి?" అని అడిగింది మంగ.

ఆయన సీసా దించాడు. "తెలియడం లేదు. ఆసుపత్రికి రాకముందు నుంచే, వారమైంది. సూపూ, కాఫీ, ఇదీ అన్నీ ఒకటే. నాలుక మీద తడి తెలుస్తుంది, అంతే."

మంగకు దాచిపెట్టిన సంగతి ఇక దాచాలనిపించలేదు. వచ్చిన జర్మన్‌లోనే చెప్పింది. మొదటి క్యాను తాను పాడుచేశానని, మాట వినక ముదరబెట్టానని, అంతా చక్కెరలా గడ్డకట్టిందని.

ఆయన తిట్టలేదు. కొంచెం ముందుకు వంగాడు.

"పలుకుగా ఉందా? పళ్ళకు తగులుతుందా?"

"తగుల్తాది," అంది మంగ తెలుగులోనే. ఈషా దాన్ని జర్మన్‌లో చెప్పింది.

"అయితే అది పంపండి."

మర్నాడు మంగ సీసాలు గుడ్డలో చుట్టి పగలగొట్టింది. గాజు అంటిన పైపొరంతా కత్తితో చెక్కేసి, నడిమి గడ్డను మాత్రమే ముక్కలు చేసింది. ఒక్కొక్కటీ వెలుగుకు పెట్టి చూసి డబ్బాలో సర్దింది. మళ్ళీ గేటు, మళ్ళీ పేరు.

ఆ సాయంత్రం ఆయన వీడియో పెట్టలేదు, మామూలు ఫోనే చేశాడు. హలో అన్నాక డబ్బా మూత తీసిన చప్పుడైంది. మంగ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. కొరికిన చప్పుడు వినిపించింది, కరకరమని. కాసేపాగి మరొకటి.

"ఏమంటున్నారమ్మా?" అంది ఈషా.

"ఉండవే," అంది మంగ. "తింటన్నాడు."