మూడో సెట్టు

ఆ రోజుల్లో నేను దేనికీ భయపడేవాణ్ణి కాదు. కనీసం అలా అని ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. ఇరవై మూడేళ్ళ వయసు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళు నలుగురు కూడిన ప్రతి చర్చలోనూ దయ్యాన్నీ దేవుణ్ణీ ఒకే గాటన కట్టి మాట్లాడినవాణ్ణి. ఆదివారం ఉదయం ఇంట్లో అందరూ చర్చికి బయలుదేరితే, నేను దారినపోయేవాళ్ళకు కనిపించేలా వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. (తలకిందులుగా పట్టుకునేవాణ్ణని మా అక్క ఇప్పటికీ అంటుంది. ఆమె మాటకు రుజువు లేదు.) భయపడిన మనిషి ప్రశ్నించడం మానేస్తాడు, సరిగ్గా అక్కడే భూతవైద్యుడు దుకాణం తెరుస్తాడు అని అప్పుడు అనేవాణ్ణి, ఇప్పుడూ అంటాను. కాకపోతే ఇప్పుడు కాస్త గొంతు తగ్గించి అంటాను. ఎందుకో చెప్పాలంటే చౌల్దారీ అనే పల్లె దగ్గర ఒక పాత బంకరులో గడిపిన మధ్యాహ్నం గురించి చెప్పాలి.

సైన్యం చేత రేడియో సెట్లు కొనిపించాలని తంటాలు పడుతున్న ఒక చిన్న కంపెనీలో నాకు తాత్కాలిక ఉద్యోగం దొరికింది. పరీక్షలు సవ్యంగా జరిగితే పర్మనెంటు చేస్తానని యజమాని మాట ఇచ్చాడు. నాన్న పోయిన ఇంట్లో ఆ మాట విలువేమిటో చెప్పనక్కర్లేదు. ఆ సెట్టు చేతిలో ఇమిడేది, కానీ తక్కువది కాదు. మనం మాట్లాడిన మాటను అంకెలుగా తరిగి, చిందరవందర చేసి గాలిలోకి వదులుతుంది. అదే రహస్యపు కీ వేసి ఉన్న మరో సెట్టు మాత్రమే ఆ అంకెల్ని మళ్ళీ మాటగా అతకగలదు. కీ లేనివాడికి వినిపించేది బుస ఒక్కటే. అయితే అలా అతికిన మాటలో ఊపిరి ఉండదు. ఆడైనా మగైనా ఒకటే గొంతు, నీళ్ళ అడుగున కూర్చుని ఎవరో పాఠం అప్పజెబుతున్నట్టు. ఆ వారం కీ వేసిన సెట్లు మూడంటే మూడే. ఒకటి నా దగ్గర, ఒకటి పోర్ట్ బ్లెయిర్‌లో గుట్ట మీద ఉండే కెప్టెన్ గారి దగ్గర. మూడోది, అవసరానికి ఉండాలని ఇచ్చినది, నా భుజాన ఉండాలి. బ్యాటరీల సంచితో కలిపి మోయడం బద్ధకమై దాన్ని ఆస్టినాబాద్‌లోని మా ఇంట్లో మంచం కింద పెట్టెలో పెట్టి వచ్చాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బంకరు యుద్ధకాలంలో జపాన్‌వాళ్ళు కట్టింది. వక్కతోట చివర, సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. తోట కాసే తాత (శ్రీకాకుళం నుంచి వాళ్ళ తాతలనాడే దీవులకు వచ్చిన కుటుంబం) దారి చూపించి, తను మాత్రం పది బారల దూరంలోనే ఆగిపోయాడు. "లోనకెల్తే పేరెట్టి పిలుత్తాది బావూ. పలక్కు," అన్నాడు. నేను అక్కడికక్కడే ఆయనకు పది నిమిషాల ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపికగా విని, చివర్న మళ్ళీ పలకొద్దనే చెప్పి వెళ్ళాడు. నాతో వచ్చిన హవల్దారు, ఆరడుగుల పైన ఉండే బీహారీ, నేను పొడుగు భయ్యా అని పిలిచేవాణ్ణి, అంతా విని మెడలోని తాయెత్తును చొక్కా లోపలి నుంచి బయటికి తీసి వేసుకున్నాడు.

లోపల పట్టపగలే మసక. గోడ మీద అడ్డంగా చీల్చిన సందు నుంచి వానవెలుతురు సన్నగా పడుతోంది. ఎక్కడో నీటిచుక్క రాలుతోంది, రెండు చుక్కల మధ్య మనం ఎదురుచూసేంత వ్యవధి ఇచ్చి మరీ. పీతలు గోడల వెంట గీరుకుంటూ వెళ్ళి, మనం చూడగానే ఆగేవి. నేను ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాను. గుట్ట మీది నుంచి కెప్టెన్ గారు తిరిగి లెక్కపెట్టారు. రాసుకున్నాం. మళ్ళీ లెక్కపెట్టబోయేలోగా సెట్టు తనంతట తనే చిన్నగా కూసింది.

మొదట చాలామంది ఒక్కసారిగా గొణుగుతున్న శబ్దం. అంతా ఒకే గొంతు, కానీ ఆ గొంతు పది నోళ్ళతో మాట్లాడుతున్నట్టు. తెగిపోయింది. నీటిచుక్క రాలింది. మళ్ళీ కూత. ఈసారి తెలుగు మాట, స్పష్టంగా, ఊపిరి లేకుండా: "సంటోడు… సంటోడు ఎక్కడున్నా… నీ సెయ్యి…" మళ్ళీ తెగింది.

సంటోడు నా ముద్దుపేరు. ఆఫీసులో ఎవరికీ తెలియదు, తెలియకుండా నేను చాలా జాగ్రత్తపడ్డాను. మెడ మీద వెంట్రుకలు లేచాయి. వాటిని కూర్చోబెట్టడానికి కారణాలు వెతకడం మొదలుపెట్టాను. ఆకాశవాణి అనుకుందామంటే, కీ లేని ప్రసారం ఈ సెట్టులోకి రాదు. పక్క నెట్టు (ఇంకో దళం సెట్లు తమలో తాము మాట్లాడుకునే వరుస) అనుకుందామంటే, అక్కడ నన్ను సంటోడు అనేవాడెవడు? చెవుల భ్రమ అనుకుందామంటే, పొడుగు భయ్యా లేచి గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. తర్కం ప్రతి వాకిలీ మూసుకుంటూ పోయి నన్ను ఆ చీకట్లో ఒంటరిగా వదిలేసింది. "పిలుస్తోంది. జవాబు దే దో," అన్నాడు పొడుగు భయ్యా గొంతు దించి. నేను ఇవ్వలేదు. వక్కతోట తాత సలహాను నేను అక్షరాలా పాటించాను. నా జీవితంలోకెల్లా సిగ్గుపడాల్సిన క్షణం అదే అనుకున్నాను. కాదు, అది ఇంకా ముందుంది.

కెప్టెన్ గారు నెట్టులోకి వచ్చారు. మూడోవాడెవడు అని అడిగారు. కీ బయటికి పొక్కినట్టుంది, పైకి రిపోర్టు పంపుతున్నాను, మీ కంపెనీ సెట్లు ఈ గంటతో సరి అన్నారు. తర్వాత, "తెలుగు లగ్ రహా హై. తుమ్ తెలుగు హో నా? క్యా బోల్ రహా హై, పూరా బతావో," అన్నారు, నువ్వు తెలుగువాడివే కదా, ఏమంటున్నాడో మొత్తం చెప్పమని.

నేను నోరు తెరిచేలోగా గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి తెగలేదు. "ఈడు రాత్రుల్లు లైటార్పడు తండ్రీ. ఏట్రా అంటే పుస్తకం సదువుతున్నానంటాడు. పుస్తకం గుండెలమీదుంటాది, కళ్ళు తలుపుమీదుంటాయి. ఆళ్ళ నాన్న పోయినకాణ్ణించీ అంతే. ఈడికి బయ్యం తియ్యి తండ్రీ."

అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు శుక్రవారం. మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. మా వాళ్ళలో ఒక అలవాటుంది: ఇంటికి కొత్త పడవ మోటారు వచ్చినా, కుట్టుమిషను వచ్చినా, తెల్లగుడ్డ పరిచి నడుమ పెట్టి, ఆడవాళ్ళంతా దాని మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. అమ్మ నా పనిముట్టుకు, అంటే మంచం కింది మూడో సెట్టుకు, ప్రార్థన చేయిస్తోంది. సెట్టును నేనే ఆపకుండా పెట్టెలో పెట్టానో, అమ్మ దుమ్ము తుడుస్తూ గుండీ తిప్పిందో ఇప్పటికీ తేలలేదు. చేతులు బరువుగా పడినప్పుడల్లా మాట్లాడే మీట నొక్కుకుంటోంది, లేచినప్పుడు తెగిపోతోంది.

నా ముందు రెండే దారులు. ఏమీ అర్థం కాలేదని అబద్ధమాడితే కీ పొక్కిందన్న రిపోర్టు పైకి వెళ్తుంది, కంపెనీ మునుగుతుంది, నా ఉద్యోగం మాత్రం బహుశా ఇంకో నెల బతుకుతుంది. నిజం చెబితే సెట్టు ఇంట్లో వదిలినవాణ్ణి నేనని ఇప్పుడే తేలిపోతుంది. సత్యం గురించి అన్ని సభల్లో అరిచినవాణ్ణి. మీట నొక్కి, "సర్, వో మేరీ మా హై," అన్నాను, ఆ గొంతు మా అమ్మదని.

కెప్టెన్ గారు మిగతాది కూడా చెప్పమన్నారు. చెప్పాను. ఇరవై మూడేళ్ళ హేతువాది రాత్రి దీపం ఆర్పడని, వాళ్ళమ్మకు అది తెలుసని, సైన్యం వారి రహస్య నెట్టులో, హిందీలో, మాట మాటా అనువదించాను. పొడుగు భయ్యా తాయెత్తును మళ్ళీ చొక్కా లోపలికి వేసుకుని, నా వైపు చూడకుండా మర్యాదగా గోడ వైపు తిరిగాడు.

మేం ఆస్టినాబాద్ చేరేసరికి, నేను చెప్పిన గుర్తులతో ముందే వచ్చిన కెప్టెన్ గారు మా చాప మీద కూర్చుని, ఉపవాసం విడిచిన ఆడవాళ్ళ మధ్య ఉప్మా తింటున్నారు. సెట్టు ఆయన ఒళ్ళో ఉంది. ఆయన నివేదికలో రెండే వాక్యాలు రాశారని తర్వాత తెలిసింది: సెట్టు అందే దూరం బాగుంది, దాన్ని మోసే మనిషిని మార్చాలి. కంపెనీ సెట్లు అమ్ముకుంది. నేను ఆ నెలాఖరుకి ఇంట్లో కూర్చున్నాను.

ఉద్యోగం పోయిన సాయంత్రం అమ్మ ఏడవలేదు. వెల్లుల్లి వలుస్తూ, "నా మాట ఎంత దూరమెల్లిందిరా?" అని అడిగింది. చౌల్దారీ దాకా అన్నాను, కోపంగానే. ఆమె ఇంకో రెబ్బ వలిచింది. "సాల్లే. నువ్వక్కడే కదా ఉన్నావు," అంది.

అప్పటి నేననే ఆ కుర్రవాడు ఆ మాటకు జవాబుగా అరగంటసేపు విద్యుదయస్కాంత తరంగాల గురించి ఉపన్యాసం ఇచ్చాడు. అందులో ఒక్క తప్పు లేదు, ఈనాటికీ వెనక్కి తీసుకోను. కానీ వాడు ఎప్పుడైనా ఎదురుపడితే మాత్రం, నోరు మూసుకుని ఆమె పక్కన కూర్చుని నాలుగు రెబ్బలు వలవరా అని చెబుతాను.