కుంటివాడని తేల్చిన లెరోయ్

అమెరికాలోని విస్కాన్సిన్ పాడి ఊళ్ళలో ముప్పయ్యేళ్ళుగా ఆవుల గిట్టలు చెక్కుతున్న లెరోయ్ డెల్వోకి మనుషుల మీద ఆవులకిచ్చేపాటి గౌరవం కూడా లేదు. ఆవును నాలుగడుగులు వేయిస్తే చాలు, ఎక్కడ నొప్పో తెలిసిపోతుంది. ఈ ఫుట్‌బాల్ వాళ్ళో? తొడ పట్టేసిందనీ, మడమ బెణికిందనీ బెంచీ మీద కూలబడతారు, సిగ్గూ శరమూ లేకుండా!

ఆ ఏడు అతనికి పెద్ద చిక్కే వచ్చిపడింది. విల్బర్ బార్‌లో పదిమంది ఏటా వేసవి చివర ఒక బల్ల చుట్టూ చేరి, ఫుట్‌బాల్ ఆటగాళ్ళను కాగితం మీద పేరుపేరునా పంచుకుంటారు. ఎవరి వాళ్ళు మైదానంలో బాగా ఆడితే వాళ్ళకు పాయింట్లు. వరసగా రెండేళ్ళు అట్టడుగున నిలిచినవాడు ఆ బల్ల వదిలి పోవాలి. కిందటేడు అడుగున ఉన్నది లెరోయే. భార్య పోయాక నలుగురిలో కూర్చునే చోటు అతనికి అదొక్కటే మిగిలింది. ఆ మాట చచ్చినా పైకి అనడు గాని.

బార్‌లో ఎవరి నోట విన్నా డెమెట్రిక్ హాల్‌స్టన్ పేరే. నాలుగేళ్ళలో సగం ఆటలు దెబ్బలతో పోగొట్టుకుని, కొత్తగా తమ విస్కాన్సిన్ జట్టులో చేరిన రిసీవర్, అంటే విసిరిన బంతి అందుకుని పరుగెత్తేవాడు. ఆటగాళ్ళు ఊరి పిల్లల సైకిళ్ళు తొక్కుకుంటూ ప్రాక్టీసుకు వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. హాల్‌స్టన్ బుల్లి సైకిల్ మీద దూసుకుపోతుంటే దారి పొడుగునా జనం చప్పట్లు.

"చూశావా, కాలు ఎంత బాగా ఆడుతోందో!" అన్నాడు ఆ జనంలో లెరోయ్ పక్కనే నిలబడ్డ బార్ యజమాని విల్బర్.

"నీ మొహం! సైకిల్ మీద కుంటితనం తెలుస్తుందిట్రా? దిగనీ" అన్నాడు లెరోయ్.

హాల్‌స్టన్ దిగాడు. ఎడమ పాదం నేలకు ఆనీ ఆనకముందే బరువంతా కుడికాలి మీదికి మార్చేశాడు. అది లెరోయ్ ఒక్కడికే కనిపించింది.

పంపకం రోజున లెరోయ్ బల్ల చుట్టూ హాల్‌స్టన్‌లా కుంటుతూ తిరిగి మరీ చూపించాడు. "ఇలాంటి గొడ్డునైతే మర్నాడే కబేళాకి తోలేస్తారు. వీణ్ణి తీసుకున్నవాణ్ణి మించిన వెధవ ఉండడు!" అందరూ పగలబడి నవ్వారు. హాల్‌స్టన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. చిట్టచివర లెరోయ్ వదిన షార్లీన్, పెద్ద పాడి ఉన్న మనిషి, "ఆ కుంటాయన్ని నాకివ్వండి" అంది.

"నీ ఖర్మ, వదినా!"

హాల్‌స్టన్ కుంటుతూనే ఆడాడు. ఒక్క ఆట మానలేదు. లెరోయ్ ఏరుకున్న గుండ్రాళ్ళలాంటి కుర్రాళ్ళలో ముగ్గురు రెండో నెలకే దెబ్బలు తగిలి మంచం పట్టారు. అతను మళ్ళీ అట్టడుగునే.

ఆటలన్నీ ముగిశాక, జనవరిలో బల్ల దగ్గర అందరూ చేరాక కూడా లెరోయ్ పంతం వదల్లేదు. "వాడు కుంటివాడే! నా కన్ను తప్పలేదు."

"కుంటివాడేనయ్యా, ఎవరు కాదన్నారు?" అంది షార్లీన్. "ఇరవయ్యేళ్ళుగా నువ్వూ ఆ మోకాలు ఈడ్చుకుంటూనే మా కొట్టంలోకి వస్తున్నావు. ఒక్క రోజైనా మానావా? కుంటుతున్నావని నిన్నెవరైనా వద్దన్నారా?"

లెరోయ్ రెండు చేతులూ బల్లకు ఆనించి, ఇక ఆ చోటు వదిలి పోవడానికి లేచాడు. వెనక తొమ్మిదిమందీ తన కాలే చూస్తున్నారని తెలిసి, తలుపు దాకా కుంటకుండా నడవబోయాడు. చేతకాలేదు.